పేర్లు వద్దు, నంబర్లే

"సెవెన్‌ని ఇంక ఒక్క మ్యాచ్ కూడా ఆడించకూడదంకుల్," అన్నాడు జయంత్, దోసె ప్లేటు పక్కకి తోసేస్తూ.

ఆదివారం మధ్యాహ్నం. పెండిల్ హిల్‌లోని టిఫిన్ హోటల్లో తెలుగువాళ్ల బేస్‌బాల్ క్లబ్బు సెలక్షన్ కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ముగ్గురే. క్లబ్బు ప్రెసిడెంట్ డాక్టర్ వాసుదేవరావు, స్కోరు పుస్తకం రాసే కళావతి, తొమ్మిదేళ్లు ప్రొఫెషనల్‌గా ఆడి వచ్చిన కోచ్ జయంత్.

జట్టు ఎంపికలో ఏ ఆటగాడి పేరూ ఎవరూ ఎత్తకూడదు. జెర్సీ నంబరే చెప్పాలి. పేరు వస్తే దాని వెనకాలే జిల్లా, చుట్టరికం వచ్చేస్తున్నాయని వాసుదేవరావు పెట్టిన నియమం అది.

శనివారం ఫైనల్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్ స్థానం ఒక్కటే తేలాలి. దానికి ఇద్దరున్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ల సెవెన్, ఇరవై ఏళ్ల నైన్‌టీన్.

"మొన్న మూడు బంతులొదిలాడు. మూడూ నేలమీద దొర్లుకుంటూ వచ్చినవే. వంగితే దొరికేవి. వంగితేగా!"

"ఆ మోకాలితో ఎక్కడ వంగుతాడు జయంత్?" అన్నాడు డాక్టరు, కాఫీ గ్లాసులోకి చూస్తూ.

"మరి తప్పుకోవచ్చుగా? ఎన్నిసార్లు చెప్పాలి? పొద్దున్న లేస్తే అదే చెప్తున్నా. సరే అంటాడు. శనివారం వచ్చేసరికి గ్లవ్ తొడుక్కుని అందరికంటే ముందు గ్రౌండ్‌లో రెడీ!"

కళావతి నవ్వబోయి ఆగింది. "ఆశ అంత త్వరగా చావదులే నాయనా."

"ఆశ కాదాంటీ, పొగరు. అవతల నైన్‌టీన్ మూడు నెలలుగా బెంచీ మీద గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఫైనల్ కూడా ఆడించకపోతే మెల్‌బోర్న్ క్లబ్బుకి పోతానన్నాడు. నా మొహం మీదే అన్నాడు. తప్పేముంది?"

"తీసెయ్యడం తేలికే," అన్నాడు వాసుదేవరావు. "ముప్ఫై ఎనిమిదేళ్లవాణ్ణి మళ్లీ ఎవరు పిలుస్తారు? అక్కడితో ఆఖరు. బాగా ఆలోచించుకున్నావా?"

జట్టు కాగితం మీద షార్ట్‌స్టాప్ ఎదురుగా గడి ఖాళీగా ఉంది. జయంత్ పెన్ను మూత తీశాడు. పెట్టాడు. మళ్లీ తీశాడు. ఒక మనిషిని ఇంతగా విసుక్కోవడం చివరికి అతనికే విసుగనిపించింది.

గట్టిగా నొక్కి 19 అని రాశాడు. కాగితం చిరిగినంత పనైంది.

పక్క బల్ల దగ్గరెవరో సాంబారు మళ్లీ అడుగుతున్నారు.

"నైన్‌టీన్‌కి ఫోన్ చెయ్యనా?" అంది కళావతి.

"చెయ్యండాంటీ. రేపు ప్రాక్టీస్‌కి ఓ అరగంట ముందే రమ్మనండి. బంతి ఎలా వస్తుందో నేను దగ్గరుండి చూపిస్తా."

"దోసె చల్లారిపోయింది. ఇంకోటి చెప్పనా?"

"వద్దు."

వాసుదేవరావు లేచి జయంత్ భుజం తట్టాడు. బిల్లు కట్టడానికి వెళ్లిపోయాడు.

జయంత్ కార్లో కూర్చున్నాడు. బండి స్టార్ట్ చెయ్యకుండానే భార్యకి ఫోన్ చేశాడు.

"నీలిమా, నా సెవెన్ జెర్సీ శనివారానికి ఉతకక్కర్లేదు."