బూడిద పోసిన మొక్క

పాడేరులో మా పెరటి హైడ్రాంజియా ఏటా నీలంగా పూసేది. పోయినేడు గులాబీ రంగులో పూసింది.

"నా మొక్కను అరకు రిసార్టువాళ్లకి అమ్మేసి దీన్ని పాతావు. బోటనీ లెక్చరర్‌కే టోపీ వేస్తావా?" అన్నాను, తోటపని చేసే కనకతో.

"మార్సనేదమ్మా. మొక్క నీరసంగుందని రోజూ పొయ్యిలో బూడిదేసినాను, అంతే."

"బూడిదకి పువ్వు రంగు మారుతుందా? అబద్ధమైనా అతికినట్టు ఆడటం రాదు మీకు."

ఆమె ముఖంలో భయం కనపడకపోయేసరికి, నిజమే చెబుతోందేమోనని ఒక్క క్షణం సందేహం కలిగింది. అయినా గేటు చూపించాను.

ఏడాదిగా బూడిద వేసేవాళ్లు లేరు. నిన్న అదే మొక్క మళ్లీ నీలంగా పూసింది.

ఆమ్లనేలలో ఈ పువ్వు నీలం. బూడిదతో ఆమ్లం తగ్గితే గులాబీ. ఏటా పరీక్షలో నేనిచ్చే ప్రశ్నే. తప్పు రాసినవాళ్లకి సున్నా వేస్తాను.