నలభై ఒక్క తప్పులు

బటన్ నొక్కగానే కంప్యూటర్ తెర కింది భాగంలో ఎర్రటి లైన్లు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి. సాయిశ్రీ లెక్క చూసింది. నలభై ఒక్క తప్పులు.

"బుగులు పడకు. మస్తుమంది ఇక్కడ్నే లేచి ఎల్లిపోతరు," అంది వెనక నిలబడ్డ ఉమారాణి.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మొబైల్ దుకాణం పైన రెండు గదుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు అది. లోపలి గదిలో యజమాని నరేందర్. బయటి గదిలో అన్నీ తానే అయిన ఉమారాణి. ఉన్నది ఒకటే ఉద్యోగం. పరీక్ష కూడా ఒకటే. తప్పులున్న ప్రోగ్రాం చేతిలో పెడతారు. గంటలో సరిచేసి, తెర మీద విండో తెరుచుకునేలా చేయాలి. తెరుచుకుంటే నౌకరి, లేకపోతే ఇంటికి.

సాయిశ్రీ ఎల్లారెడ్డిలో మొదటి బస్సు పట్టుకుని వచ్చింది. ఇంట్లో తల్లి నర్సవ్వ ఈపాటికి బీడీల చాట ముందు కూర్చునే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా అదే చాట. ఈమధ్య దగ్గు మొదలైతే ఆగడం లేదు. ఇక పొగాకు ముట్టుకుంటే నా దగ్గరికి రావద్దని డాక్టరు కోప్పడ్డాడు కూడా. "నీకు నౌకరి దొరికిన్నాడు ఈ చాట అవతల పారేస్త బిడ్డా," అంది నర్సవ్వ. అందుకే ఇవాళ దొరికి తీరాలి.

బీడీల పేరెత్తితే సాయిశ్రీకి ఒళ్లు మంట. చేసి తీసుకెళ్తే కార్ఖానా మనిషి కట్టలు విప్పి, ఇవి బాగాలేవంటూ గుప్పెడు పక్కన పడేస్తాడు. ఎందుకు బాగాలేవో చెప్పడు. వాటికి కూలీ ఉండదు, పోనీ తిరిగి ఇస్తాడా అంటే అదీ లేదు. అవి ఎటు పోతాయో అడిగే ధైర్యం నర్సవ్వకు ఏనాడూ లేదు.

కంప్యూటర్ అట్లా కాదు. తప్పుంటే ఏ లైనులో ఉందో ముఖం మీదే చెబుతుంది. మనిషిని బట్టి మాట మార్చదు. ఆ ఒక్క గుణానికే సాయిశ్రీ దాన్ని నమ్మింది.

కాబట్టి నలభై ఒకటి చూసి బెదరలేదు. మొదటి తప్పు దొరికితే సగానికి సగం వాటంతట అవే పోతాయని ఆమెకు తెలుసు. పైకి వెళ్లి చూస్తే ఒకచోట సెమీకోలన్ లేదు. పెట్టింది. నలభై ఒకటి కాస్తా తొమ్మిదయ్యాయి. ఒక పేరులో పెద్ద అక్షరం ఉండాల్సిన చోట చిన్నది. ఒకచోట తెరిచి మూయని బ్రాకెట్. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరింది. అరగంటలో సున్నా.

"అబ్బో, గట్టిదానివే!" అంటూ ఉమారాణి చాయ్ తెప్పించింది.

మళ్లీ నొక్కింది. ఈసారి ఒకే ఒక్క తప్పు. అయితే అది ఏ లైనో చెప్పలేదు. ముక్కలన్నిటినీ కలిపి అతికించే లింకర్ మొరాయించింది. 'మెయిన్' దొరకలేదట.

సాయిశ్రీకి అర్థం కాలేదు. విండో ప్రోగ్రాం మొదలయ్యేది 'విన్‌మెయిన్' దగ్గర. అది ఉంది, కళ్లముందే ఉంది. మరి ఈ 'మెయిన్' ఎవరికి కావాలి? ప్రోగ్రామంతా మూడుసార్లు చదివింది. చాయ్ చల్లారిపోయింది. గోడ మీద గడియారంలో గంట దాటింది.

ఉమారాణి లోపలి గది వైపు ఒకసారి చూసి, చెవి దగ్గరికి వంగింది. "సార్‌కు చెప్పకు. తప్పు నువ్వు కొట్టిన దాంట్ల లేదు. సెట్టింగులల్ల చూడు."

చూసింది. ఈ ప్రోగ్రాం విండో లేకుండా ఉత్త నల్లతెరలో నడిచే రకమని ఎవరో మొదట్లోనే తప్పుగా ఎంచి పెట్టారు. విండో రకం అని మార్చి, కళ్లు మూసుకుని నొక్కింది.

తెర మధ్యలో తెల్లటి విండో తెరుచుకుంది. పైన 'రైస్ మిల్లు తూకం చీటీ' అని పేరు. కింద రైతు పేరు, ఊరు, బస్తాలు, తేమ అని నాలుగు గళ్లు.

"పరీక్షకు గూడ అచ్చం అసలు దాని లెక్కనే చేసిన్రు అక్కా! ఒక కాపీ తీసుకోనా? మా అవ్వకు చూపిస్త."

"పరీక్షది బయటికి పోవద్దు చెల్లె," అని నవ్వి, ఉమారాణి లోపలికి వెళ్లింది. ఐదు నిమిషాలకు ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది.

"గంట దాటింది గదా. పైంగ సెట్టింగుల సంగతి నేను అందిచ్చిన. మనసొప్పక సార్‌కు నేనే చెప్పిన. ఇగ పాసని ఎట్ల రాయాలె?"

సాయిశ్రీ తల దించుకుంది. నిజమే కదా అనిపించింది. "నావల్ల నువ్వు మాట పడ్డవు. ఏమనుకోకు అక్కా," అంది.

"ఆర్నెల్లు మంచిగ నేర్చుకొని మళ్ల రా," అని ఉమారాణి ఆమె భుజం తట్టింది.

సాయిశ్రీ మెట్లు దిగి తల్లికి ఫోన్ చేసింది. "దొరకలే అవ్వా. నాదే తప్పు."

"పోనీ తియ్యి బిడ్డా. చాట యాడికి పోయింది..." నర్సవ్వకు దగ్గు ముంచుకొచ్చింది. చాలాసేపు దగ్గే వినబడింది.

బస్టాండ్ దాకా వెళ్లాక గుర్తొచ్చింది, టిఫిన్ డబ్బా ఆఫీసులో బల్ల కిందే ఉండిపోయిందని. వెనక్కి తిరిగింది. ఆఫీసు బయటి గదిలో ఎవరూ లేరు. లోపలి గది తలుపు ఓరగా ఉంది. వంగి డబ్బా అందుకుంటుంటే లోపల నరేందర్ గొంతు వినబడింది.

"ఏమాయె ఉమా?"

"ఆ పిల్ల చేసిన ముక్క మంచిగ నడుస్తుంది సార్, ఇంక మూడే మిగిలినయి, రేపు ముగ్గురిని ఇంటర్వ్యూకు పిలిచిన, ఎల్లుండికి మిల్లు సేటుకు మొత్తం ప్రోగ్రాం ఇచ్చేద్దాం," అంది ఉమారాణి.