తబితా తిరుగుబాటు

తెల్లకోటు పెద్దమనిషి మీట నొక్కమన్నాడు. పక్కగదిలోంచి షాకు తగిలినట్టు కేకలు వినిపిస్తున్నా జనం నొక్కుతూనే పోయారు. ఇంటర్ లాంటి మా సిక్స్త్ ఫారం సైకాలజీ క్లాసులో ఆ పాత ప్రయోగం వీడియో అయిపోగానే తబితా లేచి నిలబడింది.

"ఒట్టి గొర్రెలు, మిస్. నేనైతే ఎందుకు నొక్కాలని ఆ కోటాయన మొహం మీదే అడిగేదాన్ని. మా అమ్మ టీ పెట్టమన్నా కారణం చెప్పందే కుర్చీలోంచి లేవను."

పద్దెనిమిదేళ్లు నిండని మేధావులం కదా, అందరం తలలూపాం.

మా టీచరు మిసెస్ ఆగ్డెన్ నవ్వలేదు. "యూనివర్సిటీకి నీ గురించి నేను రాసి పంపాలిగా. ఏం రాయమంటావ్?"

"ఎవరేం చెప్పినా గుడ్డిగా వినదని రాయండి, మిస్. నా దరఖాస్తులో నేనూ అదే రాసుకున్నా."

"అలాగే రాస్తా. మరి నీ ఎడమకాలి బూటు బల్లమీద ఎందుకుంది తల్లీ?"

తబితా బూటు వైపు చూసింది. మేమూ ఎవరి బూటు వైపు వాళ్లం చూసుకున్నాం.

పొద్దున మేం క్లాసులోకి రాగానే, ఎడమ బూటు విప్పి బల్లమీద పెట్టమంది మిసెస్ ఆగ్డెన్. ఎందుకని ఒక్కరమూ అడగలేదు. మాంచెస్టర్ వానకు తడిసిన మేజోడుతో, నవంబరు చలిలో, కాలు ముడుచుకుని క్లాసంతా కూర్చున్నాం.

తబితా చెవులు ఎర్రబడ్డాయి. బూటు మీద చెయ్యి వేసింది గానీ, తియ్యలేదు.

"వేసుకోవచ్చా, మిస్?"