ఆదివారం సైకిల్

గ్లౌజులు పరశురాం చేతులకు ఎక్కలేదు. సగం వేళ్ల దాకా వచ్చి ఆగిపోయాయి.

"వదిలెయ్యండ్రి సార్," అంది కౌసల్య. "హెల్మెట్ అయితే వెనకున్న మర తిప్పితే లూజయితది. అది పెట్టుకోండ్రి."

దేవరకొండలో, కోటగుట్ట ఎదురుగా కనిపించే సందులో కౌసల్య వాళ్ల ఇల్లు. వాకిట్లో గోడకు ఆనించి గేరు సైకిల్ ఉంది. టైర్ల గాడుల్లో ఎర్రమట్టి ఎండిపోయింది. సైకిళ్ల వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో చూసి, దోస్తు కారు అడుక్కుని జడ్చర్ల నుంచి పొద్దున్నే వచ్చాడు పరశురాం. ఎందుకు అమ్ముతున్నారని ఫోన్‌లో అడిగితే, "ఇప్పుడు తొక్కుడు అయితలేదు సార్," అని మాత్రం చెప్పింది కౌసల్య.

నిజానికి అతనికి సైకిల్ మీద మోజు లేదు. ఉన్నదంతా పరుగు పిచ్చి. మందుల కంపెనీలో షిఫ్టు దిగితే చాలు, ఏదో ఒక గుట్ట వెతుక్కుని పోయేవాడు. మేకలు నడిచే దారిలో రొప్పుకుంటూ ఎక్కడం, పైన గాలికి కాసేపు నిలబడటం, రాళ్ల మీద దూకుతూ దిగడం. పోయిన ఎండాకాలం మోకాలి గుజ్జు అరిగిందన్నాడు డాక్టరు. కొండల మీద పరుగు మానెయ్యమన్నాడు, కావాలంటే సైకిల్ తొక్కుకోమన్నాడు. అంతకుముందే తెప్పించుకున్న పరుగు బూట్లు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి, కొత్త రబ్బరు వాసన చూసి, మళ్లీ పెట్టేస్తుంటాడు.

అరుగు మీద కుర్చీలో కౌసల్య భర్త ఐలేశం కూర్చున్నాడు. కాళ్ల మీద దుప్పటి, పక్కన వాకరు. ఆయనను చూడగానే పరశురాంకు సంగతి అర్థమైపోయింది. సైకిల్ మీద గుట్ట దిగుతూ పడి ఉంటాడు. అడిగితే బాగుండదని ఊరుకున్నాడు.

"ఎట్లున్నదన్నా ఇప్పుడు?"

"జర జర నడుస్తున్న తమ్మీ. డాక్టరు ఇంకో ఏడాది అంటుండు."

సీటు బాగా కిందికి ఉంది. పరశురాం దాన్ని పైకి లేపుకున్నాడు.

"కారులో ఏసుకునే ముందు ఒక్కసారి గుట్ట ఎక్కి రండ్రి సార్," అంది కౌసల్య. "కోట మొదటి దర్వాజ దాకా ఎక్కుతది. దిగేటప్పుడు ముందల బ్రేకు గట్టిగ పట్టకుండ్రి, ఎత్తి పడేస్తది. నడుము వెనకకు గుంజుకొని కూసోవాలె."

"అన్న మీకు మంచిగనే నేర్పిండు," నవ్వాడు పరశురాం.

కౌసల్య వంగి చైనుకు నూనె చుక్కలు వేసింది. ఐలేశం కోట వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎక్కుడు దారిలో పరశురాం నానా తిప్పలు పడ్డాడు. గేరు మార్చాల్సిన చోట మార్చలేదు. రాయి అడ్డం వచ్చినప్పుడల్లా కాలు కింద పెట్టాడు. ఇదే దారిని తన కాళ్లయితే ఎట్లా మింగేసేవో తలుచుకుంటూ మళ్లీ పెడలు తొక్కాడు. దర్వాజ దగ్గర ఆగి, చల్లటి రాతికి వీపు ఆనించాడు. కింద ఊరు, ఊరి చుట్టూ పత్తి చేన్లు. చెమట మీద గాలి తగిలింది. ఆ గాలి కోసమే ఇన్నాళ్లు ఎంత అల్లాడాడో అప్పుడు తెలిసింది అతనికి.

దిగేటప్పుడు మొదటి మలుపులోనే ముందు బ్రేకు పట్టి పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది. లేచి, నడుము వెనక్కి గుంజుకుని కూర్చుని, బ్రేకు వదిలాడు. రాళ్లు టైర్ల కింద టకటకా జారిపోయాయి. చేతులు అదిరాయి. ఎవరూ లేని ఆ గుట్ట మీద గట్టిగా ఒక కేక పెట్టాడు.

కౌసల్య గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ముందల బ్రేకు పట్టిండ్రా?"

"పట్టిన," అని మోచెయ్యి చూపించాడు.

పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె నవ్వింది. "దర్వాజ కాడ గాలి ఉన్నదా సార్?"

"మస్తుగ ఉన్నదక్కా."

"సీతాఫలాలు?"

"కాసినయి. పచ్చిగనే ఉన్నయి, ఇంకా కన్ను విచ్చలేదు."

ఆమె తల ఊపింది. ఇంకేదైనా చెబుతాడేమోనని అతని ముఖంలోకే చూసింది.

పరశురాం నీళ్లు తాగి ఐలేశం పక్కన కూలబడ్డాడు. "పోయిన పానం మళ్ల వచ్చినట్టుందన్నా."

"ఆదివారం తెల్లారంగనే నాకు ఇప్పటికీ మెలకువ అయితది తమ్మీ," అన్నాడు ఐలేశం. "సైకిల్ బయటికెళ్లే చప్పుడు వినపడది. ఇగ నిద్ర వట్టది."

"మరి ఎందుకన్నా అమ్ముడు?"

"నేను వద్దనే అంటున్న."

"కండ్ల ముందల ఉంటే మనసు నిలువది సార్," అంది కౌసల్య. "ఇంటి పని, దవాఖాన, వీటితోనే తెల్లారుతది. సైకిల్ ఇక్కడ, గుట్ట అక్కడ. రెండిటిని చూసుకుంట కూసునుడు కంటె అది పోవుడే నయం."

పరశురాం లేచాడు. హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించాడు.

"నేను తీసుకపోనక్కా."

"ఏమైంది సార్? గేర్లు మంచిగ లేవా?"

"అన్నీ మంచిగున్నయి. నేను ఇంకోటి ఎతుక్కుంట. కొండ దూరమైతే ఎట్లుంటదో నాకెరుక. ఏడాదే కద అక్కా, అన్న మళ్ల లేస్తడు. లేచినంక గుట్ట ఎక్కాలె అన్న ఆశ ఉండాలె కద. గీ సైకిల్ ఈ ఇంట్లనే ఉండనియ్యండ్రి."

కౌసల్య హ్యాండిల్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కళ్లనిండా నీళ్లు. ఐలేశం భార్య వైపు చూశాడు. తర్వాత పరశురాం వైపు తిరిగి మెల్లగా నవ్వాడు.

"నాకు సైకిల్ తొక్కుడే రాదు తమ్మీ."