ఇరవై మూడు డిగ్రీల చలి

తలుపు తీసీ తీయగానే దూన్య కసిరింది.

"బాయిలర్ బాగుచేయడానికి పొద్దున ఎనిమిదికి వస్తానని పదకొండింటికా రావడం? లోపల పసివాడు గడ్డకట్టుకుపోతున్నాడు."

గుమ్మంలో ఉన్నాయన ఏదో చెప్పబోయాడు. గడ్డం నిండా మంచు, చీలమండల దాకా వేలాడే పాత కోటు, చేతిలో తోలు సంచి.

"పసివాడా?" అని, చెప్పబోయింది మింగేశాడు. "ఏ గదిలో?"

బూట్లు విప్పాడు గాని కోటు విప్పలేదు. ఆ ఇంట్లో కోటు విప్పేవాళ్ళెవరూ లేరు. దూన్య వంట కూడా కోటుతోనే చేస్తోంది.

దూన్య కొడుకు తాదియా పుట్టి ఆరు వారాలు. నెల ముందే పుట్టాడు. ఇల్లంతా చలే, వాడుండే వెనక గది మరీ చలి. పద్నాలుగు డిగ్రీలు దాటడం లేదు. వాడికి దగ్గు పట్టుకుంది. రేపటికల్లా గది వెచ్చబడకపోతే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరమ్మ నిన్ననే చెప్పి పోయింది.

ముందు గదిలో అత్తగారు పెర్సిద బల్ల సర్దుతోంది. రేపు ఆ ఇంటిని కాపాడే పునీతుడి పండుగ. ఇవాళే ఫాదరు వచ్చి నీళ్ళు దీవించి వెళ్ళాలి. గిన్నెలో నీళ్ళు, వాటిని చిలకరించడానికి ఎండు సబ్జా రెమ్మ, వెలిగించని కొవ్వొత్తి సిద్ధంగా ఉన్నాయి.

"కొత్త ఫాదరట, ఇంకా జాడ లేడు," పెర్సిద గొణిగింది. "సారా బాగా పోసే ఇళ్ళకి ముందు పోయుంటాడు. మన గడప ఎక్కడ కనబడుతుందిలే."

వచ్చినాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఈ పెట్టె ఇక్కడ ఎవరు పెట్టించారు?"

తూర్పు గోడకు పునీతుడి పటం. పటం ముందు గొలుసుకు వేలాడుతూ నూనె దీపం. దానికి జానెడు పైన థర్మోస్టాట్ పెట్టె. ఇల్లంతటికీ వేడినీళ్ళు పంపే బాయిలర్ ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆగాలో చెప్పేది అదే. దాని మీద ఇరవై మూడు అని కనబడుతోంది.

"నేనే పెట్టించా. ఇంట్లో మంచి గోడ అదే కదా," అంది పెర్సిద. "ఇరవై మూడు చూపిస్తూనే ఉంది. చలంతా ఈ కాలం పిల్లల ఒంట్లోనే ఉంది."

"దీపం ఎప్పట్నించి వెలుగుతోంది?"

"మనవడు పుట్టినప్పట్నించి. వాడు గట్టిపడేదాకా ఆర్పనని మొక్కుకున్నా."

ఆయన దీపం వంకా పెట్టె వంకా మార్చి మార్చి చూశాడు.

దూన్య కూడా చూసింది. అప్పుడు తెలిసింది. దీపం సెగ తగిలి, ఇల్లు వెచ్చగానే ఉందనుకుని ఆ పెట్టె బాయిలర్‌ని నిద్రపుచ్చుతోంది. మనవడి కోసం వెలిగించిన దీపమే మనవణ్ణి వణికిస్తోంది. తను రోజుకు పదిసార్లు అక్కడ దణ్ణం పెట్టుకుంటూ కూడా గమనించలేదు.

"అయితే ఆర్పేయమంటావా?" పెర్సిద గొంతు లేచింది. "దేవుడి దీపం ఆర్పమనడానికి నువ్వెవరివయ్యా?"

"దీపం తప్పేం లేదమ్మా. పెట్టెకే చోటు మారాలి," అన్నాడాయన నెమ్మదిగా. "వెచ్చదనం ఎక్కడ కావాలో అక్కడే ఉండాలది. ఇంట్లో పానా ఏదన్నా ఉందా?"

"పానా లేకుండా వచ్చే మెకానిక్‌ని ఇవాళే చూస్తున్నా," అంటూ దూన్య మొగుడి పానా తెచ్చి చేతిలో పెట్టింది.

తీగల్లేని పెట్టె అది. మేకు నుంచి ఊడదీసి పిల్లాడి గదిలో, కిటికీకీ, వేడినీళ్ళు పారే ఇనుప రేడియేటర్‌కీ దూరంగా గోడకు తగిలించాడు. అక్కడి రేడియేటర్‌ని కప్పేసిన మందపాటి పరదా పైకి కట్టి, మర పూర్తిగా తెరిచాడు. మళ్ళీ ముందు గదికి వచ్చి, అక్కడి రేడియేటర్ కింది మరను సగానికి బిగించాడు.

"ఈ రేడియేటర్ బాయిలర్ పక్కనే ఉంది కదా, వేడినీళ్ళన్నీ ఇదే తాగేస్తోంది. దీని గొంతు కాస్త నొక్కితేగాని వెనక గదికి వంతు రాదు. ఇంతకీ ఈ ఇంట్లో ఎవరెవరుంటారు తల్లీ? పేర్లు చెప్పు."

"పేర్లు దేనికి?"

"ఎవరికేం కావాలో తెలియాలి కదా."

దూన్య తన పేరు, మొగుడు మిలుతిన్ పేరు, అత్తగారి పేరు, పిల్లాడి పేరు చెప్పింది. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. బిల్లుకు కాబోలనుకుంది.

"మీరిద్దరూ పిల్లాడి దగ్గర తలుపు మూసుకుని కూర్చోండి. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూస్తుండండి. ఇక్కడ మిగిలిన పని నేను చూసుకుంటా."

కాసేపటికి గోడ అవతల సన్నగా రాగం వినబడింది.

"చేసేది మరమ్మతు, మళ్ళీ పాటలొకటి," పెర్సిద మూతి విరిచింది.

"పాడనీండి అత్తయ్యా. గొంతు బాగానే ఉంది."

దూన్య అరచేతి కింద ఇనుము ముందు నులివెచ్చనైంది. తర్వాత చెయ్యి తీసేయాల్సి వచ్చింది. తాదియా దగ్గు నెమ్మదించి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ముక్కు కొస ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. దూన్యకు ఏడుపొచ్చింది. కోటు విప్పి కుర్చీకి తగిలించి, హాయిగా ఏడ్చింది.

బయటికి వచ్చేసరికి ఆయన బూట్లు తొడుక్కుంటున్నాడు. నుదుటి మీద చెమట.

"ఆ కోటు విప్పి కాసేపు కూర్చో నాయనా, కాఫీ పెడతా," అంది పెర్సిద, మెత్తబడి.

"ఇంకా నాలుగిళ్ళు తిరగాలమ్మా. ఆ దీపం మాత్రం ఆర్పకండి."

దూన్య డబ్బులు తెచ్చేలోపే వీధి మలుపు తిరిగాడు.

అప్పుడే ఫోన్ మోగింది.

"బాయిలర్ మెకానిక్‌నండీ. బండి మంచులో దిగబడిపోయింది. రేపు పొద్దున్నే వచ్చేస్తా."

దూన్య ఫోన్ పట్టుకునే వీధి మలుపు వైపు చూసింది.

"అమ్మాయ్, ఇలా రా," ముందు గదిలోంచి పెర్సిద కేకేసింది.

బల్ల మీద కొవ్వొత్తి వేలెడు కాలి ఉంది, సబ్జా రెమ్మ తడిసి ఉంది, గిన్నె పక్కన పెట్టిన కాగితంలో, నీళ్ళు దీవించేటప్పుడు ఫాదరు చదవాల్సిన ఇంటిల్లిపాది పేర్లు నాలుగూ ఉన్నాయి, అన్నిటికంటే ముందు తాదియా పేరు.