డ్యూటీ పిలుపు

ఆ వేళ బడి నుంచి పెందలాడే వచ్చిన కస్తూరి, ఆ మనిషిని గుమ్మంలోనే పట్టుకుంది.

"రోజూ మా నాన్ననిలా డూటీకి పిలుత్తన్నది నువ్వేనా?" అని నిలదీసింది.

ఖాకీ చొక్కా తొడుక్కున్న ఆ పెద్దమనిషి పోలరాజు, కాల్‌మన్. బండెక్కాల్సిన గార్డుల్నీ డ్రైవర్లనీ ఇంటింటికీ వెళ్లి పిలిచే పని. టాటానగర్ రైల్వేవాళ్ల ఇళ్లలో కాల్‌మన్ గుమ్మంలో నిలబడ్డాడంటే డ్యూటీ పడ్డట్టే. దానికింకో అర్థం లేదు.

లోపల ఆమె తండ్రి గణపతిరావు, గార్డు తెల్లకోటు వేసుకుని, పచ్చజెండా చంకలో పెట్టుకుని తయారుగా ఉన్నాడు. ఆయన రిటైరై ఏళ్లయింది. ఆ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

కస్తూరికి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి? ఒక డాక్టరు వయసమ్మా అని టానిక్కు రాసిచ్చాడు. ఇంకో డాక్టరు నిద్రమాత్రలిచ్చి పొమ్మన్నాడు. కాస్త కనిపెట్టుకుని ఉండడానికి మనిషిని చూడండయ్యా అని యూనియన్ ఆఫీసులో బతిమాలితే, మతిమరుపుకి యూనియనేం చేస్తుందని నవ్వారు. భర్తకి కార్ఖానాలో షిఫ్టు, తనకి కాసిడీహ్‌ బడిలో టీచరుద్యోగం. తాళం వేసి వెళ్తే తలుపు బాదేస్తున్నాడని ఇరుగుపొరుగు గోల. వెయ్యకపోతే పట్టాల మీదికి పోతాడేమోనని గుండెల్లో దడ. ఎంతమంది కాళ్లు పట్టుకోవాలి?

రోజూ నాలుగింటికి పోలరాజని ఎవడో కాల్‌మన్ వచ్చి మీ నాన్నతో మాట్లాడి పోతున్నాడని ఎదురింటి దాలమ్మ చెప్పింది. కస్తూరి ఇల్లు చేరేసరికి తండ్రి కోటులోనే కూర్చుని ఉండేవాడు. ఇంకేం రుజువు కావాలి?

"మతి లేని మనిసితో నీకాటలేటి? ఆయన బండి కింద పడితే నువ్వు జవాబు సెప్తావా? మళ్లీ ఈ గుమ్మం తొక్కేవంటే పోలీసుల్ని పిలుత్తాను."

పోలరాజు ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనిస్తేగా.

"సరే తల్లీ. మరి నాలుగింటికి ఎవులో ఒకరు ఇంట్లో ఉండండి," అనేసి వెళ్లిపోయాడు.

చేసిందంతా చేసి పైగా సలహా ఒకటి! ఆ సాయంత్రం తండ్రి చేత కోటు విప్పించేసరికి ఆమెకి తలప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు నాలుగు దాటాక బడికి కబురొచ్చింది. గణపతిరావు ప్లాట్‌ఫారం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

పరుగున వెళ్లేసరికి గార్డుల గదిలో బెంచీ మీద పడుకోబెట్టి ఉన్నారు. కోటూ జెండా మట్టికొట్టుకుపోయాయి. కస్తూరి దుఃఖమంతా కోపమై అక్కడున్నవాళ్ల మీద విరుచుకుపడింది. ఇదంతా మీ కాల్‌మన్ నిర్వాకమే, ఆ పోలరాజుని నా ముందుకి రప్పించండని గట్టిగా కేకలేసింది.

పోలరాజు నిరుడే రిటైరైపోయాడని ఒక గార్డు హిందీలో నసిగాడు. ఊరెళ్లమంటే రోజూ ఇక్కడేదో పనుందంటూ ఉండిపోయాడట. ఆ పనీ నిన్నటితో అయిపోయిందని, పొద్దున్నే ఇచ్ఛాపురం వెళ్లిపోయాడట.

రిటైరైనవాడికి ఎవర్ని పిలిచే పనుంటుంది? కస్తూరికి బోధపడలేదు.

గణపతిరావు కూతురి చెయ్యి పట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"నన్ను కోప్పడకమ్మా. 'మీ బండి కేన్సిల్ బావూ, ఇంట్లోనే ఉండండి' అని రోజూ వచ్చి సెప్పే పోలరాజు ఇయ్యాల రానేదు."