ఎవరికి వారే

"వదలవే! బడి కిందే ఉంది!" తెట్సుజో భార్య జుట్టు పట్టి ఈడ్చాడు. ఫుమియె అతని నడుము పట్టీ వదల్లేదు.

గుడి కొండ మెట్ల మీద ఊరి జనమంతా వగరుస్తూ కూలబడ్డారు. నేల ఊగడం ఆగి ఎంతోసేపు కాలేదు. గట్టిగా ఊగలేదు. ఉయ్యాల ఊపినట్టు మెల్లగా, ఎంతకీ తెమలకుండా ఊగింది. ముసలివాళ్ళ మొహాలు అందుకే పాలిపోయాయి. వాళ్ళ తాతల కాలంలో ఊరిని తుడిచిపెట్టిన రాకాసి అల అలాంటి మెత్తటి ఊపు వెనకే వచ్చింది.

"రేడియోలో విన్నావుగా? భూకంపం నడిసముద్రంలో, బాగా లోతున వచ్చిందట. లోతున వస్తే అల లేవదు. ఒక్క పరుగున బడికి పోయి మన పిల్ల చినామిని తెస్తా."

"ముందు అలాగే అంటారు. చలికాలంలో ఆకాశం తేటగా ఉంటే అల రాదని మా తాతమ్మ వాళ్ళకీ ఎవరో చెప్పారు. నమ్మి పడుకున్నారు. మళ్ళీ లేవలేదు."

"మరి పిల్ల?"

"ఈపాటికి పరుగెత్తే ఉంటుంది. ఎవరికి వారే. అమ్మ కోసం ఆగకు, నాన్న కోసం వెతక్కు అని అన్నం ముద్దతోపాటు నూరిపోశాను. ఆగదు."

"నువ్వసలు తల్లివేనా?" చెంప పగలగొట్టాడు.

పెదవి చిట్లింది. ఫుమియె రక్తం ఉమ్మి, ఈసారి అతని కాళ్ళు చుట్టేసింది.

"వదలకే పిల్లా!" మసా బామ్మ అరిచింది. "అప్పుడు బిడ్డల కోసమని దిగినవాళ్ళ శవాలు కూడా దొరకలేదు. ఒరేయ్, బుద్ధుందా నీకు? కూర్చో!"

తెట్సుజో ఫుమియె కడుపులో తన్ని విడిపించుకున్నాడు. ఒక మెట్టు దిగాడో లేదో, ఫుమియె నడుముకు దోపుకున్న సముద్రపు నాచు కోసే కొడవలి లాగి అతని పిక్క మీద వేటు వేసింది.

అతను మెట్ల మీద పడి పొర్లాడు. "చంపేశావే! నా బిడ్డను చంపేశావే!"

ఫుమియె తలగుడ్డ విప్పి గాయానికి బిగించి కట్టింది.

"ఇక కదల్లేవులే. పిల్లకి మనలో ఒక్కరైనా మిగలాలి."

కొడవలి అక్కడే పడేసి, మెట్లు దిగి బడి వైపు పరుగెత్తింది.

"ఫుమియే! ఆగవే!" బామ్మ గొంతు చించుకున్నా వెనుదిరగలేదు.

కింద రేవులో నీళ్ళు చప్పుడు లేకుండా వెనక్కి జారిపోయాయి. పడవలు బురదలో పక్కకు ఒరిగాయి.

అప్పుడే కొండ వెనకబాటలోంచి, దోక్కుపోయిన మోకాళ్ళతో చినామి వచ్చి నాన్న మీద పడింది.

"అమ్మ చెప్పినట్టే చేశా నాన్నా! ఎవరి కోసమూ ఆగలేదు. అమ్మేది?"